కాశమ్మ దొడ్డిలో చిన్న మాటలు

జరగండి, ఇంకొంచెం ముందుకు జరగండి. గడప దగ్గర నిలబడ్డ తమ్ముడూ, లోపల చాప మీద చోటుంది, వచ్చి కూర్చో. చంటిపిల్లల తల్లులు గోడకు చేరగిలండి. ఫోన్లు కాసేపు సంచుల్లో పెట్టండి. అనంతగిరి కొండ మీద పవళించిన పద్మనాభస్వామిని ఒక్కసారి తలుచుకోండి. నోరిచ్చింది ఆయన, నోట్లో మాట పెట్టింది ఆయన. ఏ నోట్లో ఏ మాట పెట్టాలన్నది ఆయన ఇష్టం, మనం అడగలేం. ఈ కథలో ఆయన కొన్ని మాటలు గొర్రెల నోట్లో పెట్టాడు. వినండి.

ధారూర్ స్టేషన్‌లో ప్యాసింజర్ దిగి, పట్టాలు దాటి, కందిచేల నడుమ బండిబాట పట్టుకుని అరగంట నడిస్తే కాశమ్మ ఇల్లు వస్తుంది. ఇంటి ముందు ముళ్లకంప వేసిన గొర్రెల దొడ్డి. దొడ్డిలో ఒక మూల వెదురు తడక. పగలు తల్లి గొర్రెలు మేతకు పోతే పాలు తాగే పిల్లలు ఆ తడక వెనకే ఉంటాయి. కాశమ్మ వాటికి లేత కొమ్మలు కట్టి, నీళ్లు పెట్టి, మధ్యాహ్నం వాటి పక్కనే గొంగడి పరుచుకుని ఓ కునుకు తీస్తుంది.

పొద్దు వాలే వేళకు ఆమె మొగుడు కిష్టప్ప చేతిలో కట్టెతో మందను తోలుకొస్తాడు. అల్లంత దూరాన దుమ్ము లేచిందంటే చాలు, తడక వెనక పిల్లలకు ఆగదు.

"అప్! అప్!" అని ఒకటి అరుస్తుంది. "ఆఫ్!" అని ఇంకొకటి ఎగురుతుంది. అవుట్, ఇన్, ఓవర్, ఆఫ్టర్... సన్న గొంతులు, తొందర గొంతులు. దుమ్ములోంచి తల్లులు జవాబిస్తాయి. "గెట్" అని బొంగురుగా ఒకటి, "గివ్" అని సాగదీస్తూ ఒకటి, టేక్, లుక్, పుట్, రన్. కాశమ్మ తడక ఎత్తుతుంది. ఇక చూడాలి ఆ గడబిడ! కాళ్ల సందుల్లోంచి దూరి, తోసుకుని, తన్నులు తిని, చివరికి ఆ పూట చేరాల్సిన తల్లి దగ్గరికి చేరుతుంది ప్రతి పిల్ల. చేరాక జంట ఒకసారి కలిపి అరుస్తుంది. టేక్ ఆఫ్. గెట్ అప్. ఆ తర్వాత పాలు తాగే చప్పుడు తప్ప దొడ్డిలో ఇంకేమీ వినపడదు.

కాశమ్మ మంద ఇంగ్లీషులో అరుస్తుందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఒక ఏడు కిష్టప్ప మర్పల్లి దిక్కు నుంచి తోలుకొచ్చిన రెండు గొర్రెలతో మొదలైందది. ఏది ఏ మాట అరిస్తే అదే దాని పేరు. టీకాలకు వచ్చే పశువుల డాక్టరు నోరు తెరిపించి, పళ్లు చూసి, "మంచిగున్నయి" అని రాసుకుని పోతాడు. పక్క చేను జంగప్ప మాత్రం అప్పుడప్పుడు గట్టెక్కి అరుస్తాడు.

"కాశక్కా! మీ ఓవర్ మళ్ల కంప దుంకి నా శనగల పడ్డది!"

"పిడికెడు ఆకుకు గంత మొత్తుకుంటవేందిరా జంగా? రేపు రా, చెంబెడు పాలు పోస్త."

"నిన్న గూడ గదే అన్నవు."

"రేపు గూడ గదే అంట. పో."

ఇట్లా నడుస్తుంది వాళ్ల సంసారం. మంద గొడవ పట్టనిది ఆ ఇంట్లో ఒక్కరే. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ నాగరాణి.

నాగరాణి వికారాబాద్‌లో డిగ్రీ చదివింది. అక్కడే స్టేషన్ రోడ్డులో సుధాకర్ సార్ దగ్గర రెండేళ్లు ఇంగ్లీషు నేర్చుకుంది. సార్ మంచి మనిషి, ఫీజు కట్టలేని పిల్లలను వెనక బెంచీలో కూర్చోబెట్టుకునేవాడు. అయితే ఆయనకొక నమ్మకం. ఇంగ్లీషంటే పెద్ద మాటలని. మొదలుపెట్టడాన్ని కమెన్స్ అనాలి, సహించడాన్ని టాలరేట్ అనాలి. అప్, ఆఫ్, అవుట్ లాంటివి నోటుబుక్కులో రాయడం కూడా దండగ. నాగరాణి ఆ పెద్ద మాటలన్నీ ఆరు వందల నలభై, వరస తప్పకుండా అప్పజెప్పగలదు. అప్పజెప్పింది కూడా, ఏడు ఇంటర్వ్యూల్లో. ఏడింటిలోనూ "ఫోన్ చేస్తాం" అన్నారు.

ఎనిమిదోది తాండూరులో. నాపరాళ్లు కోసి, పాలిష్ పెట్టి, పెట్టెల్లో సర్ది ఓడల్లో పంపే ఫ్యాక్టరీ. అక్కడి యజమాని శ్రీకాంత్‌కు ఇంగ్లండులో ఒకే ఒక్క పెద్ద బేరం, హెలెన్ అనే ఆవిడ. అక్కడి వాళ్ల తోటల్లో నడిచే బాటలకు ఈ రాళ్లు వేయిస్తుందట. ఆవిడతో ఫోనులో మాట్లాడే మనిషి కావాలి. నాగరాణిని తీసుకున్నారు.

పొద్దున్నే ధారూర్‌లో రైలెక్కి తాండూరులో దిగడం, తెల్లటి రాతిదుమ్ములో నడిచి ఆఫీసుకు పోవడం, కన్నడం మాట్లాడే కూలీలతో చేతులతో సగం నోటితో సగం మాట్లాడడం, సాయంత్రానికి ఇంటికి చేరి అమ్మ చేసిన జొన్నరొట్టె తినడం. ఈ బతుకు నాగరాణికి ప్రాణంగా నచ్చింది. ఇది పోతే ఇక హైదరాబాదులో హాస్టలే. ఆరుగురు పడుకునే గదిలో ఇనప మంచం.

చేరిన మూడో రోజున హెలెన్ ఫోన్ చేసింది. గొంతు మంచిదే. మూడు నిమిషాలు మాట్లాడింది. నాగరాణికి స్లాబ్స్ అన్నది తెలిసింది, క్రేట్స్ అన్నది తెలిసింది, ప్లీజ్ అన్నది తెలిసింది. సార్ చెప్పిన పెద్ద మాట ఒక్కటి వస్తే ఒట్టు. అన్నీ చిన్న మాటలే. అప్ అంటుంది, అవుట్ అంటుంది, ఆన్ అంటుంది, అవన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ చెవి పక్కనుంచి పోతున్నాయి. నాగరాణి గోడవైపు తిరిగి "ఎస్ మేడమ్" అంది. మళ్లీ "ఎస్ మేడమ్" అంది. నాలుగుసార్లు అంది. మన దిక్కున ఫోనులో ఇంగ్లీషు వినపడితే అందరం అనేదే కదా, అందులో మనకు కొత్తేముంది.

"ఏమన్నది?" అని శ్రీకాంత్ అడిగాడు.

"అంతా ఓకేనట సార్."

రాళ్లు ఎప్పటిలాగే పడుకోబెట్టి పేర్చారు. కంటైనర్ కదిలిపోయింది. తర్వాత వారం హెలెన్ ఫోన్ శ్రీకాంతే ఎత్తి, పక్కన నాగరాణిని కూర్చోబెట్టుకుని, ఆమె తెల్లమొహం వేయడం చూశాడు.

"చూడు నాగరాణీ," అన్నాడు ఫోన్ పెట్టేసి. "నేనైతే ఇంటర్ ఫెయిల్. నాకు రాదని ఒప్పుకుంట. నీకు వస్తదని నిన్ను పెట్టుకున్న. ఈ కంటైనర్ అక్కడికి చేరేదాకా చూస్త. నలభై రోజులు. గప్పటికి మేడమ్‌తోని నువ్వు మాట్లాడగల్గితే సరే. లేకుంటే హైదరాబాద్ నుంచి వేరేటోల్లను తెచ్చుకుంట. తప్పనుకోకు."

"అనుకోను సార్," అంది నాగరాణి. రైల్లో ధారూర్ దాకా ఏడ్చింది.

హెలెన్‌కు గొంతు రికార్డు చేసి పంపే అలవాటుంది. ఒక సాయంత్రం నాగరాణి అలాంటిది ఒకటి పట్టుకుని దొడ్డి పక్క రాయి మీద కూర్చుని పదిసార్లు విన్నది. పదకొండోసారి పెట్టేసరికి మేత నుంచి అప్పుడే వచ్చిన లుక్ గొర్రె తలెత్తి ఫోను వైపు చూసింది. గెట్ కూడా చూసింది. ఫోనులోంచి హెలెన్ ఏదో అనగానే తడక వెనక రెండు పిల్లలు బదులు పలికాయి.

కాశమ్మ చేతిలో బక్కెట పెట్టేసి దగ్గరికొచ్చింది.

"మళ్ల పెట్టు." విన్నది. "ఇగో, గీ అమ్మ మన మంద మాటనే మాట్లాడుతున్నది గదనే! లుక్ ఆఫ్టర్ అన్నది, విన్నవా? అంటే పిల్లను ఇడిసిపెట్టకుంట కనిపెట్టుకోని ఉండుడు. గా గొర్రెను చూడు, ఆఫ్టర్ వచ్చినంక కుక్కనన్న రానిస్తదా దగ్గరికి?"

"అవ్వా, గొర్రెలకేం తెలుస్తదే ఇంగ్లీషు..." అంది నాగరాణి. ఆ ఇంట్లో అమ్మను అవ్వా అనే పిలుస్తారు.

"గొర్రెలకు తెల్వది సరే. నీకు తెల్సిందా?"

మర్నాడు నాగరాణి నోటుబుక్కు తెచ్చింది.

ఇక్కడొక పొరపాటు జరిగింది. చదువుకున్నవాళ్లు చేసే పొరపాటే. నాగరాణి బుక్కులో గళ్లు గీసింది. అడ్డంగా తల్లులు, నిలువుగా పిల్లలు. ఏ లెక్కన ఏది ఎవరి దగ్గరికి పోతుందో ఒక నియమం ఉండాలి కదా. గివ్ దగ్గరికి అప్ పోతున్నది, ఇన్ పోతున్నది, మరి డౌన్ ఎందుకు పోకూడదు? అప్ పోయిన చోటికల్లా డౌన్ కూడా పోవాల్సిందే అని రాసుకుంది. రాసుకుని ఊరుకుంటే బాగుండు. కాశమ్మ ధారూర్ సంతకు పోయిన ఆదివారం, తానే తడక ఎత్తి, పిల్లలకు తాళ్లు కట్టి, గళ్ల ప్రకారం తల్లుల ముందు వరసగా కట్టేసింది.

గివ్ డౌన్‌ను ఒక్క తన్ను తన్నింది. రన్ తన ముందున్న పిల్లను తలతో నెట్టింది. దొడ్డంతా గగ్గోలు. కాశమ్మ తిరిగొచ్చేసరికి సగం పిల్లలు ఆకలితో నాలుకలు బయటపెట్టి ఉన్నాయి, నాగరాణి నడుమ నిలబడి బుక్కు చూస్తూ ఉంది.

"ఏందే ఇది? గొర్రెలకు డ్రిల్లు చేపిస్తున్నవా?"

"రూల్ దొరుకుతలేదవ్వా."

"రూల్ నీ నెత్తి! ముందుగాల తాళ్లిప్పు, పిల్లలు సస్తయి." ఇద్దరూ కలిసి విప్పారు. విప్పిన ప్రతి పిల్లా ఉరికి తన చోటికి చేరింది. కాశమ్మ చెమట తుడుచుకుని కూతురి పక్కన కూలబడింది. "బిడ్డా, నేను గీ మందల ముప్పయేండ్లుగ ఉన్న. ఏ పిల్ల ఎవరికాడ తాగుతదో నాకు ఎవ్వరు చెప్పలే. ఎందుకు తాగుతదో నాకు ఇప్పటికీ ఎర్కలే. రోజూ చూసిన, గంతే. నువ్వు గూడ గా బుక్కు మూసి కూసో. రెండు కలిసినంక ఏం చేస్తయో చూడు."

నాగరాణి బుక్కు మూసింది.

అలా ముప్పై సాయంత్రాలు కూర్చుంది. రైలు దిగి, మొహం కడుక్కుని, దొడ్డిలోకి. గివ్ దగ్గరికి అప్ చేరితే ఆ గొర్రె ఇక నావల్ల కాదన్నట్టు కాళ్లు చాపి పడుకునేది. అదే గివ్ దగ్గరికి ఇన్ చేరితే ముందు కాసేపు మొండికేసి, చివరికి సరే తాగు అని నిలబడేది. టేక్‌కు ఎడమకాలు కొంచెం ఎగరేసే నడక. ఆఫ్టర్ దాని దగ్గర తాగిన రోజు అచ్చం తల్లిలాగే ఎడమకాలు ఎగరేస్తూ దొడ్డంతా తిరిగేది. నాగరాణికి నవ్వాగలేదు. అదే టేక్ దగ్గరికి ఓవర్ పోయిందంటే మర్నాడు మందకు ముందు నడిచేది ఆ జంటే, పొట్టేళ్లు కూడా వెనకే. రన్ దగ్గరికి అవుట్ పోతే పాలు ఒట్టిపోయినట్టే. ఆ పూట కిష్టప్పకు చాయ్ నల్లగా తాగే యోగం.

"గా అవుట్‌ను జర వేరే దిక్కు తోలరాదే," అని ఆయన వేడుకునేవాడు.

"వేరే దిక్కు తోలితే గెట్ కాడికి పోయి గేటు దాటిపోతది. నల్ల చాయ్ తాగు," అనేది కాశమ్మ.

గెట్ మాత్రం అందరి తల్లి. అప్ వచ్చినా, ఆన్ వచ్చినా, ఓవర్ వచ్చినా, అలాంగ్ వచ్చినా కాదనేది కాదు. ఒక్కో పిల్లతో ఒక్కో తీరుగా ఉండేది. జ్వరం తగ్గి లేచేది ఓవర్‌తో. కొత్త గొర్రెలతో సర్దుకుని మేసేది అలాంగ్‌తో.

నాగరాణి ఏదీ కంఠతా పట్టలేదు. రోజూ చూసిన పని మనిషిలోకి ఇంకిపోతుంది కదా, అలా ఇంకింది. నెల తిరిగేసరికి హెలెన్ పంపిన గొంతులు వింటుంటే మాటలు కాక గొర్రెలు కనపడసాగాయి. తిరిగి తాను కూడా నాలుగు ముక్కలు పంపింది. హెలెన్ వాటికి జవాబిచ్చింది. శ్రీకాంత్ పక్కనుంచి విని, ఆమె కుర్చీకి ఒక దిండు తెప్పించాడు.

ఆ రోజుల్లోనే మందలో ఒక గొర్రె ఈని చచ్చిపోయింది. పిల్ల బతికింది. పుట్టిన గంటకు లేచి నిలబడి, సన్నగా, గాలి పోయినట్టు "విత్" అంది. ఆ పిల్లను ఏ తల్లీ రానివ్వలేదు. గెట్ కూడా రెండు రోజులు చూసి మొహం తిప్పుకుంది, దాని పొదుగు కింద అప్పటికే సందు లేదు. పాలు సమృద్ధిగా ఉన్నది పుట్ ఒక్కదానికే. దాని దగ్గర అప్ తాగుతోంది. ఇంకోదాన్ని రానిచ్చే ఓపిక మాత్రం పుట్‌కు లేదు. విత్ దగ్గరికొస్తే తన్నేది.

కాశమ్మ పుట్ పాలు పిండి, అందులో ఉప్పు కలిపి, విత్ వీపుకూ తలకూ రాసింది. వాసన తన పాలదే అయితే నాకుతుంది, నాకితే రానిస్తుంది. అది వాళ్ల ఇంటి పద్ధతి. ముందు గొర్రెల కాపరుల దేవుడు బీరప్పకు దండం పెట్టుకుంది. ఆపైన పుట్ మెడను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. శుక్రవారం సాయంత్రం కూర్చుంది, పుట్ తన్నింది. శనివారం కూర్చుంది, మళ్లీ తన్నింది. కాశమ్మ మోకాలు కమిలిపోయింది.

ఆ శనివారమే తాండూరులో హెలెన్ నుంచి ఫోటోలు వచ్చాయి. కంటైనర్ చేరింది, పెట్టెలు తెరిచారు. మూడో వంతు రాళ్లు పగిలిపోయి ఉన్నాయి.

శ్రీకాంత్ మొహం రాతిదుమ్ముకంటే తెల్లగా అయింది. "నాగరాణీ, మేడమ్ నీకు ఫోన్ చేస్తది. ఓడల పగిలినయి, మా తప్పేం లేదు అను. గంతే. ఇంకో ముక్క మాట్లాడకు. మిగిలింది ఓడోల్లే చూసుకుంటరు."

"సరే సార్."

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. బయట కందిచేలు, ఒక్కో స్టేషన్‌లో రెండు నిమిషాలు. నాగరాణి కళ్లు మూసుకుని ఆ మొదటి రోజు ఫోను గుర్తు చేసుకుంది. గోడవైపు తిరిగి విన్న ఆ మూడు నిమిషాలు చెవిలో ఎక్కడో అలాగే ఉండిపోయాయి. అప్పుడు తడక వెనక పిల్లల్లా అరిచిన మాటలన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే ఉరికొచ్చి తల్లిని చేరాయి. హెలెన్ గొంతు పూర్తిగా తెలిసింది. రాళ్లను పడుకోబెట్టొద్దమ్మా, నిలబెట్టు, నడుమ ఏదైనా మెత్తటిది పెట్టు, ఒకదానికొకటి రాసుకోనివ్వకు, పోయినసారి చాలా పగిలాయి, నీకు అర్థమైందా?

ఎస్ మేడమ్, అంది తను. నాలుగుసార్లు.

ధారూర్ వచ్చింది కూడా చూసుకోని నాగరాణి, రైలు మళ్లీ కదులుతుంటే గబుక్కున దిగింది.

ఆదివారం సాయంత్రం కాశమ్మ మళ్లీ పుట్ మెడ పట్టుకుని కూర్చుంది. నాగరాణి అమ్మకు అంతా చెప్పింది.

"తప్పు నాదేనవ్వా. ఆమె చెప్పింది. నేను తెల్వకనే సరే అన్న."

"మరి చెప్తే ఏమైతది?"

"నౌకరి పోతది. హైదరాబాద్ పోవాలె."

"చెప్పకపోతే?"

"ఓడోల్ల మీదికి పోతది. నేనుంట."

కాశమ్మ ఏమైనా అంటుందని చూసింది. "జర గీ దిక్కు చెవి పట్టుకో, కాలు గుంజుతున్నది," అంది కాశమ్మ. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని కూర్చున్నారు. విత్ భయం భయంగా పొదుగు దగ్గరికి మూతి పెట్టింది.

ఫోను మోగింది. నాగరాణి ఒక చేత్తో గొర్రె చెవి పట్టుకునే, ఇంకో చేత్తో ఎత్తింది.

హెలెన్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఏం జరిగింది అని అడిగింది.

నాగరాణి నాలుక చివరన ఓడ సిద్ధంగా ఉంది. అది చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ పట్టుకునేవాళ్లు కాదు. ఆమె ఊపిరి తీసుకుంది.

"ఐ మెస్డ్ అప్, మేడమ్," అంది. చెడగొట్టింది నేనే అని.

ఆ పైన చెప్పింది. ఆరు వందల నలభై పెద్ద మాటల్లో ఒక్కటీ రాలేదు, అన్నీ దొడ్డిలో మాటలే వచ్చాయి. మీరు ముందే చెప్పారు. ఆ రోజు నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గేసి సరే అన్నాను. మా శ్రీకాంత్ సార్‌కు తెలియదు, ఓడవాళ్ల తప్పు లేదు. ఇప్పుడు నాకు తెలుసు, మళ్లీ ఒకసారి చెప్పండి, ఈసారి మీరు చెప్పింది మీకు తిరిగి చెబుతాను, అని.

నాగరాణి ఫోనును చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకుంది.

సరిగ్గా అప్పుడే పుట్ వంగి విత్ వీపు నాకింది. ఒకసారి నాకి, మళ్లీ నాకింది. బిగబట్టిన కాలు వదిలింది. పాలు చేపింది. ఒక వైపు అప్, ఇంకో వైపు విత్. మూడూ కలిపి, దొడ్డి దద్దరిల్లేలా, ఒక్కసారి అరిచాయి.

"పుట్ అప్ విత్!" సుధాకర్ సార్ టాలరేట్ అనమన్న ఓర్పు ఇదే.

ఫోనులో హెలెన్ గొంతు మారింది. "అక్కడ తల్లిలేని పిల్లను అలవాటు చేస్తున్నారా?" అని అడిగింది.

"అవును మేడమ్. మూడో రోజు."

హెలెన్ నవ్వింది. మా నాన్నకు కొండల మీద గొర్రెలుండేవి, గొర్రెలు ఈనే కాలమంతా నాకదే పని, అంది. "ఎవరు పట్టుకున్నారు తల్లిని?"

"మా అమ్మ."

"ఇవ్వు."

నాగరాణి ఫోను కాశమ్మ చెవికి పెట్టింది. కాశమ్మకు అక్షరం రాదు. మంద నేర్పిందే ఆమె ఇంగ్లీషు.

"అమ్మా, దండాలు," అంది కాశమ్మ గట్టిగా, ఇంగ్లండు దూరం కదా. "పుట్... రెండు దినాలు పుట్ ఆఫ్, పుట్ ఆఫ్. ఇయ్యాల పుట్ అప్ విత్!"

అటు నుంచి హెలెన్ ఏదో అంది. కాశమ్మ నవ్వింది. ఆ నవ్వు మెల్లగా ఆగింది. కూతురి మొహం వైపు చూసి, ఫోనుకు మరింత దగ్గరగా జరిగింది.

"మై బిడ్డ," అంది. గొంతు తగ్గించి, ఆచితూచి, తనకు బాగా తెలిసిన జంటను పిలిచినట్టు అంది. "మై బిడ్డ... లుక్ ఆఫ్టర్."

ఫోను అమ్మాయికివ్వండి అంది హెలెన్. ఇచ్చాక, మొదటి రోజు చెప్పిందంతా మొదటి నుంచి చెప్పింది. నాగరాణి ఒక్కో ముక్కా తిరిగి చెప్పింది. రెండు చోట్ల తెలియలేదు. తెలియలేదంది. హెలెన్ మళ్లీ చెప్పింది.

సోమవారం నాగరాణి ఆఫీసుకు పోయేసరికి శ్రీకాంత్ కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు హెలెన్ రాత్రి పంపిన మెయిలు, ఎవరితోనో తెలుగు చేయించి తీసిన కాగితం.

"ఓడల పగిలినయి అని చెప్పమన్న గద?"

"చెప్పలేదు సార్. తప్పు నాది."

"తెలుసు. గామె రాసింది." ఆయన గడ్డం గీక్కున్నాడు. "ఇంకో కంటైనర్ పంపమన్నది. ఒకటే షరతు. పెట్టెలు సర్దేటప్పుడు నువ్వు పక్కన నిలబడాలట. అర్థం కానిది కాలేదని చెప్పే మనిషి దొరికిందంటే ఇగ ఇడువొద్దట. నేను ఇడుస్తనా మరి?" కాగితం తిప్పి చూశాడు. "కింద ఏదో పిల్ల పాలు తాగుతున్నదా అని అడిగింది. గదేందో నాకు సమజ్ కాలే. నువ్వే జవాబియ్యి."

నాగరాణి ఆ పూట ఆఫీసులో కూర్చోలేదు. చున్నీ ముక్కుకు కట్టుకుని, రాతిదుమ్ములోకి దిగి, కన్నడం కూలీల నడుమ నిలబడి, మొదటి రాయిని తన చేత్తో నిలబెట్టింది. ఇప్పటికీ పొద్దున ధారూర్‌లో ఎక్కి సాయంత్రం ధారూర్‌లోనే దిగుతుంది. హైదరాబాదు ఇనప మంచం మీద వేరే ఎవరో పడుకుంటున్నారు, వాళ్లనూ స్వామి చల్లగా చూడాలి.

ఇదమ్మా సంగతి. మీరు లేచేముందు ఒక్క మాట. గొర్రెలను మరిచిపోయినా పరవాలేదు, తాండూరును మరిచిపోయినా పరవాలేదు. తప్పు ఇంకొకరి మీదికి నెట్టే వీలు చేతికందివచ్చిన గడియలో, ఒక అమ్మాయి నెట్టకుండా "నాకు అర్థం కాలేదు, తప్పు నాదే, మళ్లీ చెప్పండి" అంది. ఆ ఒక్క పని గుర్తు పెట్టుకోండి. ఎప్పుడో ఒకరోజు స్వామి మీ ముందుకూ అలాంటి గడియను పంపిస్తాడు. అప్పుడు ఒక్కసారి మీరూ అది చేసి చూడండి.